కల్లు బందైన వారం పుట్టిన పిల్ల

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులు. మెదక్‌ నుంచి పత్రికకు ఊరేగింపుల వార్తలు పంపడం నా పని. ఆ వారం ఇంకో వార్త కూడా ఉంది. మత్తుమందు కలుపుతున్నారని చుట్టుపక్కల కల్లు దుకాణాలు మూయించారు. ఆ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు వణుకుతూ దవాఖానకు వస్తున్నారంటే చూద్దామని వెళ్లాను. చర్చి పక్కన మా వీధిలోనే ఉండే నర్సమ్మ అక్కడే నర్సు. నన్ను కాన్పుల గది గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చోమంది.

లోపల ఎల్దుర్తి వైపు నుంచి వచ్చిన కూలి మనిషి. కాన్పయి రెండో రోజు. కడుపుతో ఉన్నప్పుడూ సాయంత్రం కల్లు మానలేదు. ఒళ్లు నొప్పులకు ఇంటిల్లిపాదీ తాగేదే. ఇప్పుడు పసిపిల్ల కీచుగా ఏడుస్తోంది, కాళ్లూ చేతులూ వణుకుతున్నాయి, రొమ్ము పట్టడం లేదు. డాక్టరు చుక్కల మందు రాశారు. నర్సమ్మ కిటికీకి దుప్పటి కట్టి వెలుతురు తగ్గించింది. పిల్లను పాత చీర ముక్కలో బిగువుగా చుట్టి, ఉగ్గుగిన్నెతో తల్లిపాలు కొంచెం కొంచెంగా పడుతోంది. సగం బయటికే కారుతున్నాయి.

పిల్ల అమ్మమ్మ కొంగులోంచి చిన్న సీసా తీసి దూది ముంచబోయింది. నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందవ్వా అది?"

"కల్లే బిడ్డా. చేగుంట కెల్లి తెప్పించిన. సుక్క నాలికకు రాస్తే ఊకుంటది. మా పిల్లలకు గట్లనే రాసినం."

"ఊకుంటది. రేపు ఇంకో సుక్క అడుగుతది. నీ చేతులెందుకు వణుకుతున్నయి?"

"దుకాణం బందైనప్పటికెల్లి గిట్లనే."

"దీనికి గూడ గదే. కడుపుల ఉన్నన్ని దినాలు తాగింది. పుట్టంగనే దీని దుకాణం బందైంది."

ముసలామె పిల్లను ఎగాదిగా చూసింది. "గింతంత పోరి నాకు జోడా?"

వీధిలో ఊరేగింపు డప్పులు మోగాయి. పిల్ల ఉలిక్కిపడి మళ్లీ ఏడుపు అందుకుంది.

"గట్టిగ ఎత్తుకో అవ్వా. ఊపకు," అంది నర్సమ్మ.

"పడేస్త బిడ్డా. నా చేతులు నిలుస్తలేవు."

నర్సమ్మ పిల్లను ఆమె ఎదకు ఆనించి, ఇంకో చీరతో వీపు వెనక ముడి వేసింది. ఇక చేతులతో పని లేదు. "నిన్ను గూడ డాక్టరుసాబుకు చూపిస్త," అంది.

ఊరేగింపు దూరమైంది. ఏడుపు సన్నగిల్లింది. నర్సమ్మ మళ్లీ ఉగ్గుగిన్నె అందుకుంది. ఈసారి పిల్ల గుటక వేసింది, ఇంకొకటి వేసింది. ముసలామె పిల్లను కదపకుండా, పక్కన పెట్టిన సీసాను నర్సమ్మ వైపు జరిపింది.

"గిది పారబొయ్యి. నా కాడుంటే నేనే తాగుత."