మిణుగురు గొంతు

మా పిన్నికి అరవై రెండేళ్ళు. అందులో ముప్ఫై ఆరేళ్ళు డబ్బింగ్ మైకు ముందే గడిచిపోయాయి. తెర మీది మేకపిల్లలకీ, సబ్బు ప్రకటనల్లో నవ్వే బాబులకీ, తప్పిపోయి ఆఖర్న దొరికే పాపలకీ ఆవిడదే గొంతు. ఒక్క పెద్దవాళ్ళ పాత్రకి కూడా గొంతు ఇచ్చిన పాపాన పోలేదు. "నా గొంతుకి వయసు రాలేదే, మోకాళ్ళకి వచ్చింది" అంటుంది.

జనానికి మాత్రం ఆవిడ మిణుగురు. ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చిన పిల్లల సినిమాలో, అడవిలో దారి తప్పిన అన్నాచెల్లెళ్ళను ఒక మిణుగురు పురుగు ఇంటికి చేరుస్తుంది. "ఇటు రా, నా వెలుగు పట్టుకో, ఇల్లొచ్చేసింది" అన్న దాని మాట అప్పటి పిల్లలందరికీ నోటికి వచ్చు. మందుల దుకాణం అతనైతే ఆ మాట చెప్పించుకోనిదే మందుల చీటీ వంక చూడడు. ఇంత పేరున్నా తెర మీద పేరు లేదు. ఆ రోజుల్లో గొంతు ఇచ్చినవాళ్ళ పేర్లు వేసేవారు కాదట. లైట్లు మోసినవాళ్ళ పేర్లు వేశారు, వ్యాను తోలినతని పేరు వేశారు. పిన్ని ఆ సంగతి ఎన్నడూ ఎత్తదు. ఎత్తదంటే మరిచిపోయిందని కాదు.

నేను ఆవిడ అక్క కూతురిని, ఒక బడిలో గుమాస్తాను. సినిమాలంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. మా అమ్మ నన్ను పక్కింట్లో పడేసి, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని చెల్లెలి వెంట స్టూడియోకి పోయేది. సాయంత్రం ఇద్దరూ ఇల్లు చేరగానే అమ్మ గుమ్మంలోనే పిన్ని మెడ మీద చెయ్యి వేసి చూసేది. "మళ్ళీ అరిచావా? ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అనేది. నాకు జ్వరమొచ్చిన రోజుల్లో కూడా, తగ్గిందో లేదో అడగడం ఆ తరవాతే. కుళ్ళుకున్నాను, కాదనను.

అమ్మకి మతిమరుపు మొదలై ఆరేళ్ళు. ముందు స్టవ్ కట్టెయ్యడం మరిచింది, తరవాత వీధి మరిచింది, ఆ తరవాత మమ్మల్ని మరిచింది. నన్ను "ఆఫీసావిడ" అంటుంది. మర్యాదగానే అంటుంది, అదే కష్టం. మాతోనే ఉండే పిన్నిని ఏమీ అనదు, కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది.

ఒకరోజు బస్టాపులో కూర్చుని ఇంటికి రానని మొండికేసింది. చెయ్యి పట్టుకుంటే కొరికింది. చుట్టూ జనం మూగారు, నాకు తల కొట్టేసినట్టయింది. పిన్నికి ఏం తోచిందో ఏమో, నాలుగడుగులు దూరంగా నిలబడి, ఆ సన్నటి గొంతుతో "ఇటు రా, నా వెలుగు పట్టుకో, ఇల్లొచ్చేసింది" అంది. అమ్మ లేచి, చిన్నపిల్లలా వెనకాలే నడిచి వచ్చేసింది.

ఆనాటినుంచీ స్నానమైనా, మాత్రలైనా, అన్నమైనా మిణుగురు పిలిస్తేనే. పిన్ని తన సొంత గొంతుతో అమ్మని పిలవడమే మానేసింది. నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఒక పురుగు సంసారం నడుపుతోందని నేను హాస్యమాడేదాన్ని. దాని పుణ్యాన్నే నేను ఉద్యోగానికి వెళ్ళగలుగుతున్నానని మనసులో తెలుసు.

అలాంటి రోజుల్లో ఒక కుర్ర డైరెక్టరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. పాత సినిమా నలభైసార్లు చూశాడట, దానికి రెండో భాగం తీశాడట. కథ చెప్పాడు. ఇంటికి చేరిన ఆ పిల్లలు మిణుగురుని గాజుసీసాలో పెట్టి, అటక మీద పడేసి మరిచిపోతారు. ముప్ఫై ఏళ్ళకి సీసా పగులుతుంది. బయటికొచ్చిన మిణుగురుకి ఆకలి. అదే మాట చెప్పి, ఊళ్ళో పిల్లల్ని ఒక్కొక్కరినే ఊబిలోకి దింపేస్తుంది.

"నలభైసార్లు చూసినవాళ్ళు చెయ్యాల్సిన పనేనా ఇది?" అన్నాను.

"అప్పటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారండీ. వాళ్ళకి ఇప్పుడు భయపడ్డమే ఇష్టం" అన్నాడు. పిన్ని వైపు తిరిగి, "గొంతు మీదే ఉండాలమ్మా. వేరే గొంతైతే అది ఉత్త దెయ్యం. తెర మీద మొదటి కార్డు మీ పేరే వేస్తాం" అన్నాడు.

పిన్ని బట్టలు మడత పెడుతోంది. చేతులు ఆగిపోయాయి. నేను నోరు తెరిచేలోగా ఒప్పేసుకుంది.

అతను వెళ్ళాక పిన్నిని దులిపేశాను. "అమ్మ చెవిన పడితే?"

"ఇంట్లో ఆ మాట పైకి అననులే."

"గొంతు డాక్టరు అరవొద్దన్నాడు కదా."

"అరుపులన్నీ ఆఖర్న పెట్టుకుంటాం. మాటలకి గొంతు మిగలాలి కదా, మా పద్ధతే అంత." ఆగిన బట్టల మడత మళ్ళీ అందుకుంటూ అంది. "ఒక్కసారి చూసుకోనివ్వవే. నా పేరే కదా."

మూడు రోజులు మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన సాధన చేసింది. నాలుగోరోజు వాన పట్టుకుంది. డబ్బింగ్ వాళ్ళకి ఒక అలవాటుంది, తమ గొంతు తమకి సరిగ్గా వినబడాలంటే స్నానాల గదిలోకి దూరతారు. ముప్ఫై ఆరేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? బట్టలు నానబెడుతూ, కుళాయి చప్పుడులో బయటికి వినబడదులే అనుకుని మొదలుపెట్టింది. వంటగదిలో ఉన్న నాకు స్పష్టంగా వినబడింది. "ఇటు రా, నా వెలుగు పట్టుకో, ఇల్లొచ్చేసింది." వెనకాలే ఒక నవ్వు. సన్నగా మొదలై, గొంతు అడుగుకి దిగిపోయే నవ్వు.

పరిగెత్తాను. అమ్మ అప్పటికే తలుపు బయట నిలబడి ఉంది, భుజం మీద తువ్వాలుతో. మిణుగురు రమ్మంది కదా, స్నానానికని వచ్చింది. నేను పట్టుకునేలోగా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ పోయి, బీరువా పక్క సందులో ముడుచుకుని కూర్చుంది.

ఇక చూడాలి మా అవస్థ. మిణుగురు గొంతు వినబడితే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకుని "అది వద్దు, అది వద్దు" అనేది. మాత్రలు ఉమ్మేసింది. నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పిన్ని ఎదురుగా చతికిలబడి గొంతుని ఇంకా ఇంకా తియ్యగా చేసి పిలుస్తుంది. ఎంత తియ్యగా పిలిస్తే అమ్మ అంత లోపలికి ముడుచుకుపోతుంది. రెండోరోజు మధ్యాహ్నం నాకు ఓపిక నశించి, "ఇక నోరు మూసుకో పిన్నీ" అనేశాను. పిన్ని నిజంగానే మూసుకుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది నాకు.

మర్నాడే రికార్డింగ్. మానేస్తుందనుకున్నాను. పొద్దున్నే తల దువ్వుకుని కూర్చుంది.

"మాట ఇచ్చాను. పోవాల్సింది ఎలాగూ పోయింది" అంది.

పక్కింటి అత్తయ్యని అమ్మ దగ్గర కూర్చోబెట్టి, సెలవు పెట్టి, ఫ్లాస్కు పట్టుకుని నేనే వెంట వెళ్ళాను. గోడలకీ నేలకీ దుప్పట్లు కప్పినట్టుండే గది. మధ్యలో ఒక మైకు, ఎదురుగా తెర. తెర మీద అరచెయ్యంత మిణుగురు, దానికి ఆకలిగొన్న పసిపిల్ల ముఖం. పిన్ని మాటలన్నీ చెప్పేసింది. ఊబి దగ్గరి మాట ఒక్క టేకులోనే చెప్పింది. సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసేసి చేతులు రుద్దుకున్నాడు. డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాత్రం అతని చెంప పగలగొట్టాలనిపించింది.

ఆఖర్న అరుపులు. మిణుగురు తగలబడిపోతూ అరుస్తుంది. ఒకటి సరిపోయింది, రెండోది ఇంకా బాగుంది. అయినా "ఇంకొక్కటమ్మా" అంటూనే ఉన్నాడు. ఏడోదానికి నేను లేచి నిలబడ్డాను. పిన్ని నా వైపు చూసి కూర్చోమని సైగ చేసింది. అప్పుడు చూశాను ఆవిడ ముఖం. అది తెర వంక చూసి అరుస్తున్న మనిషి ముఖం కాదు. రెండు రోజులుగా ఇంట్లో ఏడవలేకపోయిందంతా అక్కడ అరిచేస్తోంది. పదకొండోది అయ్యాక బయటికొచ్చి ఏదో అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రం. పక్కింటి అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "ఒక్క ముద్ద ముట్టలేదమ్మా. ఆ సందులోంచి కదిలితేగా" అంది.

పిన్ని చెప్పులు విడిచి, బీరువా దగ్గర నేల మీద కూలబడింది. మిణుగురుని పిలుద్దామన్నా ఆ గొంతు లేదు. ఏ గొంతూ లేదు. చివరికి, బొంగురుగా, చీలికలు పీలికలుగా, "అక్కా" అంది. "నాకు ఆకలేస్తోంది. రా, తిందాం."

నాలుగేళ్ళ తరవాత తన సొంత గొంతుతో పిలిచింది. సొంతదని అనడానికి అందులో ఏమీ మిగల్లేదు కూడా.

అమ్మ చెవుల మీంచి చేతులు తీసింది. సందులోంచి ముందుకి జరిగి పిన్ని ముఖం వంక చాలాసేపు చూసింది. చెయ్యి చాపి ఆవిడ మెడ మీద వేసింది.

"మళ్ళీ అరిచావా?" అంది. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు."

పిన్ని భోరుమంది, చప్పుడు లేకుండా. అమ్మ నా వైపు తిరిగింది. "ఏమండీ ఆఫీసావిడా, కాస్త వేడినీళ్ళు పెడతారా? మా చెల్లెలికి గొంతు పోయింది."

పెట్టాను. వంటగదిలో స్టవ్ ముందు నిలబడి నేనూ ఏడిచాను. నా పేరు గుర్తు రాలేదే అని కొంత, చెల్లెలైనా గుర్తొచ్చింది కదా అని కొంత.

తొమ్మిది రోజులు పిన్ని గొంతు అలాగే ఉంది. ఆ తొమ్మిది రోజులూ అమ్మ అన్నం తింది, స్నానం చేసింది, మాత్రలు మింగింది, రోజుకి పదిసార్లు చెల్లెలిని తిట్టింది. ఇల్లు ఇల్లులా ఉంది. పదోరోజు పొద్దున పిన్ని "అక్కా" అంటే గొంతు తేటగా పలికింది. అమ్మ తలెత్తి చూసింది.

"ఎవరమ్మా మీరు?" అంది.

ఆ సాయంత్రం పిన్ని తలగడ పట్టుకుని మేడ ఎక్కింది. చాలాసేపటికీ దిగి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు వెనక కూర్చుని, ముఖం తలగడలో కుక్కుకుని అరుస్తోంది. శ్వాస అందేదాకా ఆగుతోంది, మళ్ళీ అరుస్తోంది. డాక్టరు మాట గుర్తు చేద్దామని నోటిదాకా వచ్చింది. అయినా కిందికి దిగి స్టవ్ మీద నీళ్ళు పెట్టాను.

సినిమా వచ్చింది. మొదటి కార్డు పిన్ని పేరేనట, మందుల దుకాణం అతను చెప్పాడు. ఇప్పుడతను చీటీ తీసుకుని మందులిచ్చేస్తాడు, ఏమీ చెప్పించుకోడు. మా ఇంట్లో ఎవరం చూడలేదు.

మొన్న డైరెక్టరు ఫోను చేశాడు. మూడో భాగం తీస్తాడట.

"పిన్నికి గొంతు లేదండీ" అన్నాను.

"అయ్యయ్యో. నా వల్లేనా?"

"కాదులెండి" అని పెట్టేశాను.

పిన్ని అప్పుడే మేడ దిగి వస్తోంది, తలగడ చంకలో పెట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ. కింద గుమ్మంలో అమ్మ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి చాపి మెడ తడిమింది.

"మళ్ళీ అరిచావా?"

"లేదక్కా" అంది పిన్ని, బొంగురుగా.