గో అంటే ఆవు కాదు

ఆ రోజుల్లో నాకు రాని విద్యంటూ ఉండేది కాదు. అంటే, ఏదైనా వచ్చా అని ఎవరడిగినా "వచ్చండీ" అనేసి, తర్వాత ఇంటికెళ్ళి అదేమిటో తెలుసుకునేదాన్ని. హైటెక్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ట్రైనీగా చేరి అప్పటికింకా ఆర్నెల్లు కాలేదు. రెజ్యూమేలో హాబీల దగ్గర ఖాళీ వదిలితే బాగుండదని "బోర్డ్ గేమ్స్" అని రాశాను (నా అనుభవమల్లా వైకుంఠపాళి, అందులోనూ పెద్ద పాము నోట్లో పడటమే ఎక్కువ). ఆ లైను లోకంలో ఒక్కరైనా చదువుతారని నేననుకోలేదు. మా హెచ్చార్ సారు చదివారు.

ఆసియాలోని మా కంపెనీ ఆఫీసులన్నీ కలిసి రెండేళ్ళకోసారి పెద్ద క్రీడోత్సవం చేసుకునేవి. పరుగుపందేలు, ఈత, బాడ్మింటన్, ఇంకా ఎన్నో. ఆ ఏడు అది హైదరాబాదుకు వచ్చింది. సారు నన్ను పిలిచి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు. "మహిళల టీమ్ ఈవెంట్ ఒకటుందమ్మా, 'గో' అని. బోర్డు మీద నల్లరాళ్ళు, తెల్లరాళ్ళు పెట్టే ఆట. ఎంటరైనవి మూడే టీములు. సియోల్, మనీలా, మనం. మెడల్స్ ఎన్నో తెలుసా? మూడు! వెళ్ళి కూర్చుంటే చాలు, కాంస్యం మనదే. ఆట వచ్చు కదా?"

"వచ్చండీ," అన్నాను.

జట్టుకు ముగ్గురు కావాలి. మా టీమ్ లీడ్ కడప మనిషి, ఆఫీసంతా కడపక్క అనేవాళ్ళం. ఆవిడ మొదటి బోర్డు. నా పక్క సీటమ్మాయి రెండో బోర్డు. నిమిషానికోసారి "పరేషాన్" అంటుంది కాబట్టి ఆ పిల్ల పేరే పరేషాన్ అయిపోయింది. నేను మూడు. క్యాంటీన్లో కూర్చుని రూల్స్ చదివాం. అవతలివాళ్ళ రాళ్ళను చుట్టుముడితే అవి మనవి, ఖాళీ జాగాను చుట్టుముడితే ఆ జాగా మనది.

"ఇంతేనా మే?" అంది కడపక్క. "చుట్టూ కంచె ఏసి ఈ జాగా మాది అనుకునేదే గదా? మా చిన్నాయన కోకాపేటలో చేసే యాపారమే ఇది."

"నాకైతే మస్తు పరేషానుంది అక్కా," అంది పరేషాన్. "ఎవరు ఎవర్ని తింటున్నరో సమజైతలేదు."

ఇంతవరకూ జరిగినదానికి ఆఫీసుదే బాధ్యత. తర్వాతిది పూర్తిగా నాది. ఇంట్లో నాన్నతో "అంతర్జాతీయ పోటీల్లో ఆడుతున్నాను" అన్నాను. కంపెనీ పోటీలని చెప్పలేదు, మూడే జట్లని అసలే చెప్పలేదు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి లింగంపల్లిలో కిరాయికుంటున్న మా నాన్న ప్రభుత్వోద్యోగి; ఏ విషయమైనా నలుగురికీ తెలియజేయడం తన విధి అనుకునే మనిషి. "ఏం ఆటమ్మా?" అన్నారు. "గో" అన్నాను. "గో అంటే ఆవు కదమ్మా?" అన్నారు. కాదని నేను వివరించేలోపే కబురు కిందికి దిగిపోయింది. సాయంత్రానికి ఇంటి ఓనరు మెట్ల మీద ఎదురొచ్చి, "ఏంది బిడ్డా, ఆవులతోని ఆడుతవంట గదా! కొమ్ము గిట్ల తగిలితే దవాఖాన్ల పడతవ్. జర పైలం!" అన్నాడు.

పోటీ రోజు నాన్న కాలనీ నుంచి ఎనిమిదిమందిని వెంటబెట్టుకొచ్చారు. మెళ్ళో విజిటర్ కార్డులు వేసుకుని, ఏసీ చలికి చేతులు కట్టుకుని, వరసగా కూర్చున్నారు. పొద్దున్న సియోల్‌తో ఆడాం. నా ఎదుటావిడ వంగి నమస్కరిస్తే నేనూ వంగాను. నేను పదో రాయి పెట్టేసరికి ఆవిడ తలెత్తి, జ్వరమొచ్చిన పిల్లను చూసినట్టు నన్ను చూసింది. నలభై నిమిషాల్లో ముగ్గురం ఓడిపోయాం. కాలనీవాళ్ళకు మాత్రం ఏం తెలుసు, నేను రాయి పెట్టినప్పుడల్లా చప్పట్లే. ఆ తర్వాత సియోల్ జట్టు మనీలానూ ఓడించేసింది. ఇక మధ్యాహ్నం మాకూ మనీలాకూ మిగిలింది వెండి.

ఆట మధ్యలో కడపక్కకు సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి ఆఫీసు కాల్ వచ్చింది. "రెండే నిమిషాలు" అని బయటికెళ్ళింది. గడియారంలో టైము అయిపోయి ఓడిపోయాకే తిరిగొచ్చింది. పరేషాన్ ఎదుటి అమ్మాయి మోచెయ్యి తగిలి రాళ్ళన్నీ కిందపడ్డాయి. ఆ అమ్మాయే సిగ్గుపడి ఓటమి ఒప్పేసుకుంది. ఒకటి, ఒకటి. ఇప్పుడందరూ నా బోర్డు చుట్టూ చేరారు. హెచ్చార్ సారు గోళ్ళు కొరుకుతున్నారు. "కొట్టమ్మా!" అని వెనక నుంచి నాన్న.

కొట్టాను. నా ఎదుటి మనీలా అమ్మాయీ కొట్టింది. రెండు గంటలు గడిచాయి. బోర్డు దాదాపు నిండిపోయింది. మెడ పట్టేసింది. ఇంతలో ఆ అమ్మాయి ముందుకు వంగి, ఇంగ్లీషులో చాలా మెల్లిగా అడిగింది.

"ఇది ఎప్పుడు అయిపోతుంది?"

"నీకు తెలుసనుకున్నాను," అన్నాను.

"నాకెలా తెలుస్తుంది? నేనొచ్చింది బాడ్మింటన్‌కి. మొన్న కాలు బెణికితే ఇక్కడ కూర్చోబెట్టారు."

మా ఇద్దరికీ నవ్వాగలేదు. సియోల్ నుంచి వచ్చిన పెద్దాయన, మా రిఫరీ, దగ్గరికొచ్చి బోర్డు వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. మీరు గంట కిందటే ఆపేయాల్సింది అన్నాడు. ఇద్దరూ ఇక ఆడేదేమీ లేదనుకుంటే ఆట అయిపోయినట్టేనట! అంత చిన్న సంగతి మాకెవరూ చెప్పలేదు (మేమూ చదవలేదు). ఆయన ఎంతో గంభీరంగా లెక్కపెట్టాడు. ముందు ఆడేవి నల్లరాళ్ళు కాబట్టి తెల్లరాళ్ళవాళ్ళకు ఆరున్నర పాయింట్లు ఊరికే ఇస్తారట. నావి నల్లరాళ్ళు. అర పాయింటు తేడాతో ఓడిపోయాను.

నాన్న లేచి నిలబడ్డారు. "అర పాయింటు ఎక్కడుందండీ బోర్డు మీద? చూపించమనండి!" ఆ పెద్దాయన విసుక్కోకుండా పది నిమిషాలు వివరించాడు. హెచ్చార్ సారు తెలుగులోకి మార్చారు. ఆయనకూ అర్థం కాలేదు కాబట్టి నాన్నకు ఇట్టే అర్థమైంది.

మెడల్స్ ఇచ్చేటప్పుడు అసలు గండం వచ్చింది. నాన్న నన్ను పక్కకు పిలిచి, "మిగతా దేశాలవాళ్ళు ఎక్కడమ్మా?" అన్నారు.

"మూడే జట్లు నాన్నా. అదీ కంపెనీ ఆఫీసులే."

ఆయన మెళ్ళోని విజిటర్ కార్డును ఓసారి తిప్పి చూసుకున్నారు. "అయితే, చివర వచ్చారన్నమాట."

"అవును."

గొంతు సవరించుకుని కాలనీవాళ్ళ వైపు తిరిగారు. "ఆసియాలో మూడో స్థానమండీ!" అని ప్రకటించారు. చప్పట్లు మోగుతుండగా నా చెవి దగ్గర, "అబద్ధమైతే కాదు కదా?" అన్నారు, కొంచెం భయంగా.

తర్వాత నిజంగానే ఆట నేర్చుకున్నాను. మనీలా పిల్లా నేర్చుకుంది. ఆదివారాలు ఫోన్లో ఆడుకుంటాం, ఎక్కువగా నేనే ఓడిపోతాను. ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలుసు కాబట్టి చప్పున అయిపోతుంది. ఫోను పక్కన పెట్టాక ఒక్కోసారి అప్పటి నేను, ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల, కళ్ళముందుకొస్తుంది. వెనక ఎనిమిదిమంది చప్పట్లు కొడుతుంటే, గెలుస్తోందో ఓడుతోందో ఏమీ తెలియకుండా, ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఠపీమని రాయి పెట్టేస్తూ ఉంటుంది. దాన్ని ఆపబుద్ధి కాదు.