మా పిన్ని పెళ్ళిలో మర్ఫా గట్టిమేళం

మా పిన్ని పెళ్ళికి గట్టిమేళం వాయించిన పెద్దాయనను ఏమని పరిచయం చెయ్యాలి?... ఏళ్ళ తరబడి నాలో నలుగుతున్న ప్రశ్న ఇది.

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో పెళ్ళి. పట్టపగలు ముహూర్తం. తెనాలి నుంచి రావలసిన సన్నాయి మేళం, బస్సు చెడిపోయి దారిలో ఆగిపోయింది. అమ్మమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేళం లేకుండా తాళి కట్టిస్తారా? ఆ టైముకి ఎవడైనా తుమ్మితేనో?"

పెళ్ళికొడుకుది కర్మన్‌ఘాట్. ఊరేగింపు కోసం ఆయన స్నేహితులు మర్ఫా డప్పులు కొట్టేవాళ్ళను పిలిపించారు. నైజాం సైన్యంలో పనిచెయ్యడానికి ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల సంతతి వాళ్ళు. హాలు బయట కాగితాలు మండించి, వాద్యాల చర్మం కాచుకుంటున్నారు. నాన్న పరుగున వెళ్ళి వాళ్ళలో పెద్దాయనకు సంగతి చెప్పాడు.

"పరేషాన్ గాకుండ్రి సార్. ఎప్పుడు కొట్టాల్నో చెప్పుండ్రి, చాలు."

"పంతులుగారు చెయ్యెత్తుతారు. ఇక గట్టిగా వాయించెయ్యండి!"

చెయ్యి లేచింది... అబ్బ, ఆ దరువు! కాళ్ళ కింద నేల మోగింది... నా గుండె మోగింది... పీటల మీది ఇత్తడి చెంబులు కూడా మోగాయి!

మూడు ముళ్ళూ పడ్డాయి. ఇక చాలని పంతులుగారు చెయ్యెత్తారు. ఇంకా గట్టిగా కొట్టమంటున్నారనుకుని వాళ్ళు జోరు పెంచారు! ఆయన కంగారుగా రెండు చేతులూ ఎత్తారు... జోరు రెట్టింపు! అక్షింతలు పట్టుకున్న చేతులతోనే మా అత్తయ్యలు భుజాలు ఊపేశారు. తల వంచుకున్న పెళ్ళికూతురు నవ్వాపుకోలేక ఊగిపోయింది.

భోజనాల దగ్గర అమ్మమ్మ స్వయంగా పెద్దాయనకు బూరెలు వడ్డించింది.

"మంచి చెయ్యి నాయనా నీది. ఏ దేశం మీది?"

"గీ హైదరాబాదే అమ్మా. తాతల కాలం నుంచి ఈడనే. మీదేడ?"

"తెనాలి."

"గట్లయితే దూరం నుంచి ఒచ్చింది మీరే గదా!"

అమ్మమ్మ పగలబడి నవ్వి ఇంకో బూరె వేసింది.

ఇప్పుడు ఎల్బీ నగర్ ఫంక్షన్ హాళ్ళలో ఆ దరువు డీజే పెట్టెలోంచి వస్తోంది. అందరూ ఆడతారు... అది ఎవరి చేతుల్లో పుట్టిందో అడిగేవాళ్ళు లేరు. మీ ఇళ్ళలో అసలైన మర్ఫా మోగిన పెళ్ళిళ్ళుంటే రాయండి... వాయించినవాళ్ళ పేర్లు తెలిస్తే అవి కూడా.

ప్రపంచం నలుమూలల నల్లజాతి గాయకులనూ, నర్తకులనూ మెచ్చుకుంటూ ఈ గ్రూపులో మీరు పెట్టే పోస్టులు చూస్తే ఎంత సంబరమో నాకు! ఆ వరుసలో మా పెద్దాయననూ నిలబెట్టాలనిపిస్తుంది. "నల్లజాతి కళాకారుడు" అని మొదలుపెడతాను... చెరిపేస్తాను.

అలా రాస్తే ఆయనను గౌరవించినట్టా, ఈ ఊరి మనిషిని మళ్ళీ దూరం పంపేసినట్టా... నాకింకా తేలలేదు.