మూడు కాళ్ల కుర్చీలు

మా ఆయన బోర్డులు రాసేవాడు, పెళ్లిపత్రికలు గీసేవాడు. ఆ తరువాత కుర్చీల మీద పడ్డాడు. దానికి కారణం ఒక ఇటలీ ఆయన. అక్షరాలు, పోస్టర్లు, దీపాలు, బల్లలు, అన్నీ ఆ ఒక్క మనిషే గీశాడట. ఫోన్లో ఆ బొమ్మలు చూపిస్తూ, "ఒక పని బాగా వచ్చినోడికి అన్ని పనులూ వస్తాయి, సూడు" అనేవాడు. అన్నం చల్లారిపోతున్నా వినాలి.

అలా తయారైంది మూడు కాళ్ల కుర్చీ. ముందు ఒక కాలు, వెనక రెండు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాదనను. మా అత్త అలవాటుగా దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పక్కకు వంగి తమలపాకుల పళ్లెం అందుకోబోయింది. కుర్చీ ఒరిగింది. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

"కాళ్లు కింద పెట్టుకోని కూర్చుంటే ఏం కాదు" అన్నాడు మా ఆయన.

మా తిరుపతిలో కాళ్లు కిందపెట్టి కూర్చునేదెవరు?

అలాంటి కుర్చీలే కావాలన్నాడు ఎముకల డాక్టరు ఒకాయన, తన కొత్త ఆసుపత్రికి. ఒక్కరు పడితే చాలు, ఊళ్లో మా ఆయనకు పెళ్లిపత్రిక పని కూడా ఎవరూ ఇవ్వరు. పడినవాళ్ల తుంటి సంగతి సరేసరి.

ఆసుపత్రి తెరిచిన రోజు నేనూ వెంట వెళ్లాను. శ్రీకాళహస్తి బస్సు దిగి వచ్చిన ఒక అవ్వ కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, రెండు కాళ్లూ పైకి లాక్కుంది.

"కాళ్లు దించవ్వా."

"మోకాళ్లు లాగతాండాయి పాపా. ఇట్లయితేనే సుకం."

చేసేది లేక నేల మీద చతికిలబడి కుర్చీ అంచు పట్టుకున్నాను. దండం పెడుతున్నాననుకుని ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. "సల్లగుండు తల్లీ" అంది.

జనం వస్తూనే ఉన్నారు. ఒక్కొక్కరే కాళ్లు పైకి పెట్టుకుంటున్నారు. భయమేసి ఆయన కోసం చూశాను. ఎదుటి వరసలో, ఒక తాత కుర్చీ అంచు పట్టుకుని, మా ఆయన కూడా నేల మీదే కూర్చుని ఉన్నాడు. మొహమంతా చెమట.

అంతవరకు ఆయనకైనా ధైర్యం ఉందనుకున్నాను. అదీ లేదని తెలిసింది. మా ఇద్దరికీ కలిపి ఉన్నవి నాలుగు చేతులే.

"అందరూ లేయండి. ఈ కుర్చీలు పడిపోతాయి" అన్నాను గట్టిగా.

డాక్టరు గది తలుపు తెరుచుకుంది. మా ఆయన నా వైపు చూడలేదు, డాక్టరు వైపూ చూడలేదు. తాతను రెండు చేతులా లేపి మెట్ల మీద కూర్చోబెట్టాడు. తరువాత నా దగ్గరున్న అవ్వ కోసం వచ్చాడు.