ఫస్టు వచ్చింది సారుకే!

వనపర్తిలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పోయిన ఏడాది కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను. ఉరికే మనిషి ముఖాన్నైనా పట్టుకుంటే వదలదనీ, సెకనుకు ఇరవై ఫోటోలు తీస్తుందనీ అమ్మినవాళ్లు చెప్పారు. ఆ వేగమేదో పరీక్షిద్దామని మా అక్క కూతురు శిరీష వంద మీటర్ల పరుగు పందేనికి వెళ్లాను. వీపనగండ్లలో పత్తి తీతకు పోయిన అక్క రాలేకపోయింది. "జర మంచిగ తియ్యి తమ్మీ, నేను చూడాలె" అని ఫోన్లో మరీమరీ చెప్పింది.

విజిల్ మోగగానే బటన్ నొక్కి పట్టాను. కెమెరా తెర మీద ఫోకస్ చూపించే పచ్చ గడి శిరీష ముఖం మీద ఒక్క క్షణం నిలిచి, ముగింపు గీత దగ్గర రిబ్బన్ పట్టుకుని నిలబడ్డ పీఈటీ సారు మీదికి దూకింది. శిరీష మీదికి తెస్తే మళ్లీ సారు దగ్గరికే పోయింది. ఆ గడితో కుస్తీ పడుతుండగానే చప్పట్లు వినిపించాయి. శిరీష గెలిచింది.

రొప్పుకుంటూ వచ్చి ఫోటోలు చూసింది. అన్నింట్లో తను మసక. సారు మీసం మాత్రం వెంట్రుకలతో సహా స్పష్టంగా ఉంది.

"ఫస్టు గీ సారుకే వచ్చినట్టుంది గద మామా!" అని నవ్వబోయింది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కెమెరాను నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

అంతలో అక్క ఫోన్ చేసింది. "ఎట్ల ఉరికిందిరా పిల్ల?"

ఏం చెప్పను? పది అడుగుల దూరంలో నిలబడి కూడా ఆ పరుగును నేను చూడనే లేదు. కెమెరా సెట్టింగు తర్వాత సరిచేసుకున్నాను. ఆ రోజు మాత్రం ఫోన్ శిరీష చేతికిచ్చి, "నువ్వే చెప్పు మీ అమ్మకు" అన్నాను.