అన్‌టిల్ తర్వాత విల్ రాదు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే మా అమ్మ నవ్వుతుంది. ఇంకా పెళ్లి కూడా కానివాడికి చిన్నప్పుడేమిటి, నిన్న మొన్నటి సంగతే కదా అంటుంది. మా అన్న పిల్లలు మాత్రం నన్ను ఎప్పుడో ముసలివాళ్లలో కలిపేశారు. మొన్న అన్న కూతురు ఇంగ్లీషు హోంవర్కు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "చిన్నాయనా, మీ కాలంలో ఇంగ్లీషు ఉండేదా?" అని అడిగింది. ఉండేది. కొంచెం ఉండేది. ఆ కొంచెం ఎలా ఉండేదో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

కదిరి నుంచి తనకల్లు పోయే దారిలో, బస్సు డ్రైవరుకు బుద్ధి పుడితే ఆపే ఊరు మాది. మా హైస్కూల్లో తొమ్మిదికి, పదికి వేరువేరు గదులు ఉండాలి. అందులో ఒక గది కప్పు కారుతుందని మూసేశారు. వాన రాని ఊళ్లో కప్పు కారుతుందని ఎవరు, ఎలా కనిపెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. దాంతో ఇంగ్లీషు పీరియడ్‌లో రెండు తరగతులూ ఒకే గదిలో కూర్చునేవాళ్లం. కిటికీ వైపు తొమ్మిది, గోడ వైపు పది. నేను కిటికీ వైపు. మా పక్కింటి అక్క గోడ వైపు.

మా ఇంగ్లీషు సారు రోజూ కదిరి నుంచి బస్సులో వచ్చేవారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు, కోప్పడగా చూసినవాళ్లూ లేరు. జేబులో ఎర్ర పెన్ను మాత్రం ఎప్పుడూ ఉండేది. తప్పు కనబడితే అది దానంతట అదే బయటికి వచ్చేది. ఎవరైనా పెళ్లి పత్రిక ఇచ్చినా అందులో స్పెల్లింగులు దిద్ది వెనక్కి ఇస్తారని ఊళ్లో ప్రతీతి.

మా రీడరులో పద్యాలన్నీ పచ్చిక మీద, పూల మీద, మంచు మీద ఉండేవి. మెడో అంటే ఏమిటి సార్ అని ఒకసారి పక్కింటి అక్క అడిగింది. సారు కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి, "వానొచ్చినాక శెనక్కాయ చేను ఎట్లుంటాదో అట్ల" అన్నారు. వాన రాకపోతే దాన్ని ఏమంటారు సార్ అని నేను అడిగాను. "మీ ఊరు అంటారు" అన్నారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. అక్క మాత్రం ఆ మాటను పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకుంది.

ఆ అక్కకు ఇంగ్లీషు అంటే ఇష్టం. మా గది మొత్తంలో ఆ రోగం ఉన్నది ఆమె ఒక్కదానికే. పది పాసైతే కదిరిలో ఇంటర్ చేరి, ఆ తర్వాత నర్సు చదువు చదవాలని ఉండేది. నర్సు అయితే చీటీల మీద డాక్టర్లు రాసేది చదవవచ్చు కదా అనేది. డాక్టర్లు రాసింది డాక్టర్లే చదవలేరని నేను అంటే కొట్టడానికి వచ్చేది.

మాకు ఇంగ్లీషులో బాగా వచ్చిన వాక్యం ఒకటే. అది లీవ్ లెటర్‌లోది. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ప్లీజ్ గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్. జ్వరంతో బాధపడుతున్నాను, రెండు రోజులు సెలవు ఇప్పించండి అని. పరీక్షలో తప్పకుండా వస్తుందని అందరం బట్టీ పట్టాం. పరీక్షలో వచ్చినా రాకపోయినా బతుకులో బాగా పనికొచ్చింది. శెనక్కాయ పీకడానికి పోయినా జ్వరమే, అవ్వ చనిపోయినా జ్వరమే, బర్రె ఈనినా జ్వరమే. సారు దగ్గర ఆ లెటర్ల కట్ట చూసిన పైఆఫీసరు ఎవరైనా ఉంటే మా ఊరికి డాక్టర్లను పంపించి ఉండేవాడు.

ఈ జ్వరాల లీవ్ లెటర్లు చూసి చూసి సారుకు ఒక రోజు విసుగు పుట్టింది. ఇక మీదట ఇంగ్లీషులో అబద్ధాలు రాయకూడదు, ఉన్న కారణమే రాయాలి అన్నారు. మాకు కొత్త కష్టం వచ్చింది. ఉన్న కారణాలు చాలా ఉన్నాయి, వాక్యం ఒక్కటే ఉంది. దాంతో ఉన్న వాక్యంలోనే జ్వరం తీసేసి కారణం పెట్టాం. ఒకడు మేకలతో బాధపడుతున్నానని రాశాడు. ఒకమ్మాయి అక్క పెళ్లితో బాధపడుతున్నానని రాసింది. సఫరింగ్ అనేది జబ్బులకే వాడాలి అని సారు ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ పోయారు. నేను మాత్రం పాత పద్ధతి వదల్లేదు. కదిరిలో సినిమాకు పోయి, రెండు రోజులు జ్వరం అని రాసి ఇచ్చాను.

వినాయక చవితి అయిన వారం. ఆ ఏడు చేన్లన్నీ పూతలోనే మాడిపోయాయి. పక్కింటివాళ్లు అప్పటికి మూడో బోరు వేయించారు. అందులోంచి కూడా దుమ్మే లేచింది. అక్క వాళ్ల నాయన రెండు రోజులు ఆ బోరు పక్కనే కూర్చున్నాడు. మూడో రోజు బెంగుళూరులో బిల్డింగు పనికి పోదాం, సామాను కట్టండి అన్నాడు. ఇంటి తాళంచెవి తెచ్చి మా అమ్మ చేతికి ఇచ్చారు. అమ్మ దాన్ని మా వంటింటి మేకుకు తగిలించింది.

పోయే ముందు రోజు అక్క బడికి వచ్చింది. లీవ్ లెటర్ రాసుకుని వచ్చింది. సెలవు అడగకుండా బడి మానేసినవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. సెలవు అడిగి మానేసింది ఆమె ఒక్కతే. సారు దాన్ని పైకి చదివారు. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ నో రెయిన్, ప్లీజ్ గ్రాంట్ మి లీవ్ ఫర్... అని ఆగిపోయారు. ఎన్ని రోజులో రాయవలసిన చోట ఒక గీత మాత్రమే ఉంది.

"సార్, ఆ జబ్బు ఊరందరికీ ఉండాది సార్!" అని నేను అరిచాను. గది గొల్లుమంది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంత పెద్ద నవ్వు దేనికీ రాలేదు. అక్క తల ఎత్తలేదు.

సారు నా వైపు తిరిగి, "ఉండాది గదా. మరి నువ్వేంరా జ్వరమని రాసినావు?" అన్నారు. 

ఎర్ర పెన్ను బయటికి వచ్చింది. అక్క రెయిన్ అనే మాటలో ఎ బదులు ఇ వేసి, జి అక్షరం ఒకటి ఎక్కువ వేసింది. సారు దాన్ని కొట్టేసి సరిగ్గా రాశారు. అలా రాస్తే అది వాన కాదు, రాజ్యపాలన అవుతుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పాలన లేక బాధపడుతున్నాను అని రాసిందన్నమాట. అది కూడా కొట్టేయాల్సినంత తప్పేమీ కాదు. సఫరింగ్‌ను మాత్రం ఆయన ఆ రోజు కొట్టలేదు. పెన్ను దాని మీద కాసేపు నిలబడి, ముందుకు పోయింది.

"ఎన్ని దినాలు మ్మా?"

"తెల్దు సార్. వానొచ్చేదాకా."

సారు బోర్డు మీద అన్‌టిల్ అని రాశారు. ఎన్ని రోజులో తెలియనప్పుడు వాడుకునే మాట ఇది, గీత కొట్టిన చోట దీన్ని పెట్టు అన్నారు. అక్క నిలబడే రాసింది. అన్‌టిల్ ఇట్ విల్ రెయిన్. సారు అందులోంచి విల్ కొట్టేశారు. అన్‌టిల్ తర్వాత విల్ రాదు, రాబోయేదాని సంగతే అయినా అలా చెప్పకూడదు, ఇట్ రెయిన్స్ అనే రాయాలి అన్నారు.

"విల్ ఉండనీండి సార్" అంది అక్క.

"ఉండదు మ్మా. రూలు."

అక్క సరేనని తల ఊపింది. సారు కింద గ్రాంటెడ్ అని రాసి సంతకం పెట్టారు. తర్వాత నన్ను లేపి, "నువ్వు నవ్వించినావు గదా. ఆ పాప వచ్చేదాకా హాజరు పిలిచినప్పుడు ఆ పాప నంబరుకు నువ్వు పలకల్ల" అన్నారు. అది శిక్ష అనుకున్నాను. నాకు శిక్షలు కొత్త కాదు కాబట్టి పట్టించుకోలేదు.

అప్పటి నుంచి రోజూ సారు సెవెంటీన్ అని పిలిచేవారు. కిటికీ వైపు నుంచి నేను లేచి, "లీవ్, సార్" అనేవాణ్ణి. ఆయన రిజిస్టరులో ఎల్ అని వేసేవారు. మొదటి వారం నవ్వులు వచ్చాయి. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. నెల దాటాక పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, అభ్యంతరం చెప్పారు. అన్ని రోజులు రాని పిల్ల పేరు కొట్టేయాలి అన్నారు. పేరు కొట్టేస్తే పబ్లిక్ పరీక్షకు పేరు పోదు. మా సారు ఆ లెటర్ తీసి చూపించారు. బడి మానేసిన పిల్ల కాదు సార్, లీవులో ఉండాది, వానొచ్చేదాకా నేనే గ్రాంట్ చేసినాను అన్నారు. పెద్దసారు ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. గ్రామరులో తప్పు దొరకలేదు. వెళ్లిపోయారు.

కార్తీకంలో వాన వచ్చింది.

యాడో సముద్రంలో అల్పపీడనమట. ఏడాదంతా రానిది మూడు రోజులు ఏకధాటిగా కురిసింది. చేన్లో చచ్చిన పైరుకు నీళ్లు అందాయి. పశువులకైనా పనికొస్తుందని కుప్ప వేసుకున్న శెనక్కాయ కట్టె కూడా నానిపోయి కుళ్లింది. కప్పు కారుతుందని మూసేసిన గదిలో చుక్క పడలేదు. మేము కూర్చున్న గది కారింది.

రెండో రోజు హాజరు తీస్తున్నప్పుడు పెద్దసారు గొడుగు వేసుకుని గుమ్మంలోకి వచ్చారు. తడిసి కాళ్లకు చుట్టుకుపోయిన పంచె అంచులోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏమప్పా, వానొచ్చేదాకా అని గదా రాసిచ్చినావు. వచ్చింది గదా. యాడ ఆ పాప?"

మా సారు లేచి కిటికీ దగ్గరికి పోయారు. చెయ్యి బయటికి చాపారు. మోచేతి దాకా చొక్కా తడిసిపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్ని ఒకసారి చూసుకుని, చాలా శ్రద్ధగా అన్నారు.

"ఇది వాన కాదు సార్. తుంపర."

పెద్దసారు మా వైపు చూశారు.  ఆయన చూపు నా దగ్గర ఆగింది. "నువ్వు చెప్పురా. ఇది వానా, కాదా?"

కప్పు మీంచి నీళ్లు సరిగ్గా నా నెత్తి మీదే కారుతున్నాయి. పుస్తకం తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాను. సారు నా వైపు చూడలేదు, రిజిస్టరు వైపు చూస్తున్నారు. ఎర్ర పెన్ను జేబులోనే ఉంది. తప్పు కళ్ల ముందు అంత పెద్దదిగా కురుస్తుంటే ఆ పెన్ను జేబులోనే ఉండిపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"వాన యాడిది సార్?" అన్నాను. "తుంపర."

ఒక్కరూ నవ్వలేదు. అది జోకు కాదని అందరికీ తెలిసినట్టుంది. పెద్దసారు గొడుగు విదిలించి, ఇద్దరికీ పిచ్చి పట్టిందని గొణుక్కుంటూ పోయారు. పేరు మాత్రం కొట్టేయలేదు. సారు మళ్లీ కూర్చుని సెవెంటీన్ అన్నారు. లీవ్ సార్ అన్నాను.

ఇంత చేశాం కదా, కథయితే ఆమె రావాలి. ఇది కథ కాదు. మార్చిలో అక్క పేరుతో హాల్ టికెట్టు వచ్చింది. మా అమ్మ బెంగుళూరుకు ఫోను చేసి అక్క వాళ్ల నాయనకు చెప్పింది. చూస్తాంలే అన్నాడట. మా వైపు చూస్తాంలే అంటే ఏమిటో అందరికీ తెలుసు. అయినా పరీక్ష మొదటి రోజు పొద్దున్నే సారు బెంగుళూరు బస్సు ఆగే చోటికి వచ్చి నిలబడ్డారు. తాళంచెవి జేబులో వేసుకుని నేనూ పోయాను. మొదటి బస్సులోంచి ఒక ముసలాయన, కోళ్ల బుట్ట దిగారు. రెండో బస్సు ఆగనే లేదు. సారు హాల్ టికెట్టును మడిచి, ఎర్ర పెన్ను పక్కనే జేబులో పెట్టుకున్నారు. టైమైంది, పద అన్నారు.  జూన్‌లో బడి తెరిచేసరికి సారుకు బదిలీ అయింది. కొత్త రిజిస్టరులో సెవెంటీన్ ఇంకెవరో.

పోయిన ఏడాది కదిరి బస్టాండులో అక్క కనబడింది. చంకలో పిల్లాడు, చేతిలో సంచి. ఏదో పెళ్లికి వచ్చి మళ్లీ బెంగుళూరు పోతోంది. సిమెంటు పనికి చేతివేళ్లు మొద్దుబారి ఉన్నాయి. ఆ మాట ఈ మాట అయ్యాక, బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"ఏమప్పా, నా లీవు ఇంకా ఉండాదా, అయిపోయిందా?"

"ఉండాదక్కా" అన్నాను. "యాడొచ్చింది వాన?"

నవ్వింది. పిల్లాడు నవ్వు చూసి నవ్వాడు. బస్సు పోయింది. ఆమె ఇంటి తాళంచెవి ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు. తాళం తుప్పు పట్టి, ఇప్పుడు చెవి ఉన్నా తెరుచుకోదు.

సరే, హోంవర్కు సంగతి. అన్న కూతురు రాసిన వాక్యం, అతను వచ్చేవరకు నేను ఎదురుచూస్తాను అని. అన్‌టిల్ హి విల్ కమ్ అని రాసింది. నా చెయ్యి జేబులోకి పోయి ఎర్ర పెన్ను తీసింది. ఆ పెన్ను నా జేబులో ఎందుకు ఉంటుందని ఆఫీసులో కూడా అడుగుతుంటారు. విల్ కొట్టేసి, అన్‌టిల్ తర్వాత విల్ రాదు మ్మా అన్నాను.

"అట్లయితే ఆయప్ప రాడా, చిన్నాయనా?"

రూలు అంతే అన్నాను. ఇంతకంటే మంచి జవాబు ఇన్నేళ్లలో నాకు దొరకలేదు. ఆ పిల్ల నన్ను వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. బయట రేకుల మీద పెద్ద పెద్ద చినుకులు టపటపా పడుతున్నాయి.

"వానొస్తాంది చిన్నాయనా!"

"వాన కాదులే" అన్నాను. "తుంపర."