అమ్మ కారు విప్పిన ఆదివారం

కారు డ్యాష్‌బోర్డు మధ్య ప్యానెల్‌ను ఊడదీసినప్పుడు లోపలి నుంచి ఒక వాసన వస్తుంది. ఎండకు మాగిన ప్లాస్టిక్కు, ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, వైర్లకు చుట్టిన టేపు జిగురు కలిసిన వాసన. మొన్న అబిడ్స్‌లో ఒక దుకాణం ముందు నా కారుకు కొత్త పాటల సెట్టు పెట్టిస్తూ, అమ్మను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి నిలబడి ఉంటే, ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండిపోయింది. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ మంట ఆరలేదు. ఆరాలని నాకూ లేదు.

అప్పుడు మేం నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో ఉండేవాళ్లం. ఆ గల్లీ మొత్తానికి కారు నడిపే ఆడమనిషి మా అమ్మ ఒక్కతే. హిమాయత్‌నగర్‌లో ఒక బడిలో టీచరు. తన జీతంతో కొనుక్కున్న చిన్న తెల్ల కారు అది. ఆదివారం పొద్దున తలంటుకున్న జుట్టును తడిగానే ముడివేసుకుని, మమ్మల్ని కారులో కుక్కి, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల దగ్గరికి తీసుకుపోయేది; వానకు తడిసి ఎండకు ఆరిన కాగితాల వాసన, పక్క ఇరానీ హోటల్లో మరుగుతున్న చాయ్ వాసన పీలుస్తూ మేం బొమ్మల పుస్తకాలు ఏరుకుంటే, తిరుగు దారిలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఒళ్లో వెచ్చగా ఉండేది. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు, ఎండాకాలం మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీముకు, మృగశిర నాడు చేప మందు కోసం దిగిన చుట్టాలను స్టేషన్ నుంచి తేవడానికి, అన్నిటికీ ఆ కారే. అడ్డదిడ్డంగా వచ్చిన ఆటోవాళ్లను అమ్మ అద్దం దించి మరీ తిట్టేది. వెనక సీట్లో మేం చప్పట్లు కొట్టేవాళ్లం.

మా నాన్నను మేం బాపు అని పిలిచేవాళ్లం. మా గల్లీ గణేశ్ మండపానికి పెద్దమనిషి ఆ బాపు తమ్ముడే, మా కాక. ఆ ఏడు నిమజ్జనానికి గణపతి లారీ ముందర పాటలు మోగించుకుంటూ ఒక కారు పోవాలని ఆయనకు పుట్టింది. కారంటే మా కారే. మా గల్లీలో ఒక రివాజు ఉండేది: దేవుని పనికి ఏదడిగినా లేదనకూడదు. లేదన్నవాళ్ల ఇంట్లో ఏడాదిలోగా పిల్లికి జ్వరం వచ్చినా అది దేవుని కోపమే. ఆ అడగడం కూడా ఇంటి మగవాణ్ణే అడగాలి. కారు ఎవరిదైతేనేం? కాక బాపును అడిగాడు, బాపు గోడ మేకుకున్న తాళం తీసి చేతిలో పెట్టాడు.

ఆ రోజు ఆదివారం. అమ్మ అప్పుడు వంటింట్లో, అదే మండపానికి కుడుములు ఆవిరికి పెడుతోంది. నేను పోయి చెబితే పిండి చేతులతోనే వాకిట్లోకి వచ్చింది. కాక, ఆయన దోస్తులు కారులోకి దూరి, పాటల సెట్టు బిగించడానికి స్క్రూడ్రైవర్లతో మధ్య ప్యానెల్‌ను పెకిలిస్తున్నారు. క్లిప్పులు ఫట్‌ఫట్‌మని విరుగుతున్నాయి. యాంప్లిఫయర్‌కు కరెంటు కావాలని, చేతికి దొరికిన లావుపాటి వైరును తెంపారు. అది ముందు అద్దానికి గాలి కొట్టే బ్లోయర్ వైరు.

"నన్నొక్క మాట అడగొద్దా?" అంది అమ్మ.

"దేవుని పని వదినె. గిట్ల అడ్డం మాట్లాడొద్దు" అన్నాడు కాక, తల కూడా ఎత్తకుండా.

నిమజ్జనం అయ్యాక కారు సీట్ల నిండా గులాలుతో తిరిగొచ్చింది. విరిగిన ప్యానెల్‌ను సుతిలి తాడుతో కట్టి, ఆ పాటల సెట్టును అట్లాగే వదిలేశారు. బ్లోయర్ నడవడం లేదని, వానలో ముందు అద్దానికి ఆవిరి పట్టి దారి కనబడడం లేదని అమ్మ ఇద్దరికీ చెప్పింది. దసరా పోనీ, చూద్దాం అన్నాడు బాపు. తుడుచుకోవడానికి కొంగుంది కదా అని కాక నవ్వాడు.

తుడుచుకుంది. బడి నుంచి వస్తుంటే అబిడ్స్‌లో కుండపోత. అమ్మ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని ఇంకో చేత్తో కొంగుతో తుడుస్తోంది, పక్క సీట్లో నేను దస్తీతో తుడుస్తున్నా, తుడిచిన చోటే అద్దం మళ్లీ తెల్లబడుతోంది. పెద్ద పోస్టాఫీసు మలుపు దగ్గర కారు ఫుట్‌పాత్ ఎక్కి ఇనుప కటకటాలకు గుద్దుకుంది. నా పెదవి చిట్లింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

బాపును స్కూటర్ మీద ఎక్కించుకుని కాక వచ్చాడు. గుమిగూడిన జనం ముందరే అన్నాడు: "నేను ముందుగాలనే చెప్పిన గదా, ఆడోళ్ల చేతికి స్టీరింగు ఇయ్యొద్దని." వైరు తెంపింది నువ్వే కదా అని నేను అరిచాను. బాపు నా రెక్క గుంజి, "పెద్దోళ్ల మాటల్ల నీకేంది, ఊకో" అన్నాడు. నేను ఊకోలేదు. అమ్మే ఊకుంది.

తాళం మళ్లీ మేకుకు ఎక్కలేదు. కాక జేబులోకి పోయింది. ఇకమీదట కారు వాడే నడుపుతాడని బాపు తీర్పు. కారు చేతికి రాగానే కాక మొట్టమొదట చేయించిన పనేమిటో తెలుసా? బ్లోయర్ వైరు అతికించడం. దానికి ఒక పూట కూడా పట్టలేదు. అంటే ఆయనకు తెలుసు. బాపుకూ తెలుసు. తెలిసే ఆ నింద అమ్మ నెత్తిన పెట్టారు.

సద్దుల బతుకమ్మకు గల్లీ ఆడవాళ్లను కారులో ట్యాంక్‌బండ్ తీసుకుపోతానని అమ్మ మాటిచ్చి ఉంది. తంగేడు, గునుగు, బంతిపూలతో పేర్చిన బతుకమ్మను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇరుక్కుని పోయాం. అమ్మ నా చేతిలో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్ద పెడితే కోపంతో తినలేదు.

అప్పటి నుంచి ప్రతి పెళ్లిలో, ప్రతి దావత్‌లో కాక ఈ ముచ్చట చెబుతూనే ఉన్నాడు, వదినె కారును ఫుట్‌పాత్ మీద షికారు తిప్పిన ముచ్చట. అందులో వైరు ఉండదు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. కొన్నేళ్లకు అమ్మ కూడా నవ్వడం మొదలుపెట్టింది.

మా గల్లీ ఇప్పుడు లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇరానీ హోటల్ చోట బట్టల దుకాణం వెలిసింది. పోతే పోనీ, వాటి కోసం నేను ఏడవను. మొన్న మెకానిక్ నా కారు ప్యానెల్ తీసి పక్కన పెట్టాక, లోపలి వైర్లు అమ్మకు చూపించి, కాక తెంపిన వైరు గుర్తుందా అని అడిగాను. ఇన్నేళ్లకైనా ఆయన్ను ఒక్క తిట్టు తిడుతుందని ఆశపడ్డాను. అమ్మ కాసేపు కారులోకి తొంగిచూసి మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"వైరుదేముంది బిడ్డా" అంది. "నాకే మంచిగ నడుపరాకుండె."